చెక్కింటికి గంజి రంగు

టోరున్ తెల్ల కోటు వీపంతా ఎర్రబడింది.

తొమ్మిదేళ్లు వరసలో పేరు రాయించుకుని కూర్చుంటే, ఉప్సాలా ఊరి చివర తోటల సంఘం వంతుల ప్రకారం ఇచ్చే చిన్న తోటల్లో ఇన్నాళ్లకు ఆమెకో చెక్కిల్లు దొరికింది. కొని తాళంచెవి అందుకున్న సంబరంలో గోడకు ఆనుకుని ఫొటో దిగింది. గోడేమో తన ఎరుపులో సగం కోటుకి పూసింది.

కంచె బయట ఎవరో నవ్వారు.

సన్నగా, పొడుగ్గా ఒక ముసలాయన. సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"రాగి గని మట్టితో చేసిన రంగమ్మా అది. తాకితే అంటుకుంటుంది. తడి చెయ్యి పెట్టకు, దులుపు."

"మీరెవరండీ?"

"హిల్డింగ్. దారిన పోతూ ఆగాను."

దారిన పోయేవాడు పోతే బాగుండేది. గేటు తోసుకుని లోపలికే వచ్చాడు. జేబులోంచి చిన్న చాకు తీసి, గోడ కింది పలకల్ని ఒక్కొక్కటే గుచ్చి చూశాడు.

"గట్టిగా ఉన్నాయి, పర్లేదు. ఈ పూలమొక్కల మట్టి గోడ దాకా వచ్చేసింది, జానెడు వెనక్కి లాగు. పలకల కింది కొసలున్నాయి చూశావా, చెక్క నీళ్లు తాగేది అక్కడే. వాటికి అవిసె నూనె పట్టించు."

"ఎవరికైనా చెప్పి చేయిస్తాలెండి."

"ఇంకొకళ్లు చేస్తే కొసలు వదిలేస్తారు. నువ్వే చెయ్యి."

టోరున్‌కి ఒళ్లు మండింది. సంఘం వాళ్లు తనిఖీకి పంపిన మనిషే అయ్యుంటాడనుకుంది. కంచె ఎత్తు టేపుతో కొలిచేవాళ్లకీ, కలుపు మొలిస్తే ఉత్తరం రాసేవాళ్లకీ ఆ తోటల్లో కొదవేముంది? ఇల్లు సరిగ్గా చూసుకోకపోతే తోట వెనక్కి తీసేసుకుంటారు కూడా. తొమ్మిదేళ్ల ఆశ అది. ఆ చాకు చూసినప్పుడల్లా ఆమెకు ఆ ఉత్తరాలే గుర్తొచ్చేవి.

అయినా వారంలో రెండుసార్లు సైకిలు రావడమూ మానలేదు, ఆయన గోడలు తడిమి చూడడమూ మానలేదు.

జూన్‌లో టోరున్ నాలుగు డబ్బాల రంగు కొనుక్కొచ్చింది. అదే ఎరుపు, కాకపోతే నిగనిగలాడే ప్లాస్టిక్ రంగు. ఎవరి కోటుకీ అంటుకోదు.

హిల్డింగ్ గేటు దగ్గర్నుంచే డబ్బాలు చూశాడు.

"అయ్యయ్యో, అది వద్దు! మట్టి రంగు మీద అది వేస్తే గోడకు రెయిన్‌కోటు తొడిగినట్టే. లోపలి చెమ్మ బయటికి రాదు. చెక్క కుళ్లిపోతుంది."

"అలాగని వచ్చిన చుట్టాలందరి బట్టలూ ఎర్రగా చేసి పంపాలా?"

"రై రొట్టె చేసుకునే పిండి ఉంటుందిగా, దాంతో పెద్ద గిన్నెడు గంజి కాయి. గుప్పెడు అన్నభేది, అదే ఆ పచ్చటి ఇనుప ఉప్పు, గని మట్టి, కాస్త అవిసె నూనె వేసి బాగా ఉడికించు. గోడను గీకి, ఎండ తగలని పూట పూయి. ఇన్నాళ్లూ ఈ చెక్కను కాపాడింది ఆ గంజే."

"వంట బాగానే చెప్పారు. పెద్దాయనా, ఒక్క మాట చెప్పండి. ఈ ఇల్లు నాదా, మీదా?"

హిల్డింగ్ గోడకేసి చూశాడు.

"నీదేనమ్మా," అన్నాడు. "ముమ్మాటికీ నీదే."

"అయితే ఇకమీదట గేటు బయటే ఉండండి."

ఆయన తలూపి సైకిలెక్కాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

టోరున్ పట్టుదలగా ఉత్తరం గోడంతా ప్లాస్టిక్ రంగు వేసింది. మిగతా మూడు గోడలకి వానలు అడ్డొచ్చాయి. ఆ వానలే ఆమె పాలిట దేవుళ్లు.

మంచు కరిగాక వచ్చి చూస్తే ఉత్తరం గోడ రంగు పొక్కులెత్తి ఉంది. గోరు పెట్టి లాగితే చాపంత పొర ఊడొచ్చింది. వెనక చెక్క నల్లగా, తడి తడిగా ఉంది. మిగతా మూడు గోడలూ నిక్షేపంలా ఉన్నాయి.

ఆమెకు ఏడుపొచ్చింది. రెండు వారాలు గీకింది. మొక్కల మట్టి జానెడు లాగింది. పలకల కొసలకు నూనె పట్టించింది. గంజి కాచి, ఎర్రగా ఉడికించి, నీడపట్టున పూసింది. ఆరాక గోడ మీద చెయ్యి వేస్తే వేళ్లు ఎర్రబడ్డాయి. ఈసారి హాయిగా అనిపించింది.

గేటు బయటే ఉండమన్న మాట గుర్తొచ్చి సిగ్గుపడింది. దాల్చినచెక్క బన్నులు చేసి మూడు ఆదివారాలు సైకిలు కోసం చూసింది.

నాలుగో ఆదివారం తోటలవాళ్లంతా కలిసి దారులు ఊడ్చే రోజు. సంఘం కార్యదర్శి మైలిస్ పారతో కనబడింది.

"మైలిస్, మీ తనిఖీ ఆయన్ని ఓసారి కాఫీకి పంపవా? క్షమాపణ చెప్పుకోవాలి."

"తనిఖీకి మనుషుల్ని పెట్టేంత భాగ్యం మనకెక్కడిది? తిరిగేదాన్ని నేనొక్కదాన్నే."

"అదే, చాకుతో గోడలు గుచ్చి చూస్తాడే, హిల్డింగ్..."

మైలిస్ పార దించింది.

"ఆయన ఫిబ్రవరిలో పోయాడు, టోరున్."

"తనిఖీ మనిషి కాకపోతే మరి ఆయనెవరు?" అంది టోరున్.

"పదేళ్లు వరసలో నీ ముందు పేరున్న మనిషి. ఆ ఇల్లు ఆయన వంతుకే వచ్చింది. నేను ఫోన్ చేస్తే, 'నా తర్వాత పేరెవరిది, వయసెంత' అని అడిగి, 'నలభై రెండా? ఎనిమిదేళ్లకో పూత చొప్పున ఇంకా ఐదు పూతలు వేస్తుంది, నేను ఒక్కటి వెయ్యడమూ అనుమానమే, చెక్క బతకాలి కదా, ఆవిడకే ఇచ్చెయ్యండి' అన్నాడు."