ఇంకోటి అడగండి

"అటు కాదు సార్, అది నా సీటు" అంది యోగేశ్వరి.

స్టీరింగు వైపు తలుపు మీద చెయ్యేసిన విమలసేన నాలిక కరుచుకున్నాడు. కారు చుట్టూ తిరిగొచ్చి వెనక సీట్లో భార్య పక్కన కూర్చున్నాడు. ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. పువ్వుల చొక్కా, మెడలో కెమెరా, నెత్తిన కొత్త గడ్డిటోపీ. పక్కన కుసుమావతి కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

శ్రీలంకలోని నువర ఎలియ కొండల్లో యోగేశ్వరి ఒంటరిగా టూరిస్టుల్ని తిప్పడం అదే మొదటిసారి. కారు కంపెనీది. "ఈ ఒక్క రోజు చూస్తాను. వచ్చినవాళ్లు బాగుందంటే పనిలో ఉంటావు, లేదంటే ఇంట్లో ఉంటావు" అన్నాడు యజమాని. "ఒక్కోసారి మన మనుషుల్నే టూరిస్టుల్లా పంపిస్తుంటాం" అని కూడా అన్నాడు.

మొదటి మలుపులోనే మొదటి ప్రశ్న వచ్చింది.

"అమ్మాయ్, ఇవన్నీ గ్రీన్‌టీ చెట్లు కదా! మరి బ్లాక్‌టీ చెట్లు ఏ కొండ మీదుంటాయి?"

యోగేశ్వరి అద్దంలోంచి చూసింది. ఆయన మొహం చాలా గంభీరంగా ఉంది.

"రెండిటికీ చెట్టు ఒకటే సార్. కోసిన ఆకును ఎలా ఆరబెడతామో దాన్నిబట్టి..." బట్టీపట్టినదంతా గడగడా అప్పజెప్పింది.

కుసుమావతి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. "ఇంకోటి అడగండి" అని భర్తను మోచేత్తో పొడిచింది.

"పాలటీ చెట్టు?"

"అది... వంటింట్లో ఉంటుంది సార్."

జలపాతం దగ్గర ఆపితే, "దీన్ని ఎన్నింటికి కట్టేస్తారు?" అన్నాడు. లోయ మీద మంచు కమ్ముకుంటే, "ఓ పది నిమిషాలు పక్కకి జరపమని చెప్పమ్మా, ఫొటో తీసుకోవాలి" అన్నాడు. ప్రతిసారీ కుసుమావతి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఇంకోటి! ఇంకోటి!"

యోగేశ్వరికి అనుమానం మొదలైంది. ఈ దేశంలో పుట్టి ఇంత తెలియనివాడు ఉంటాడా? సందేహం లేదు, ఈయన యజమాని పంపిన మనిషే. తనకెంత ఓపికుందో తూకం వేస్తున్నాడు. పైగా ఏ మలుపొచ్చినా ఆయన కుడికాలు కింద నేలను నొక్కుతోంది.

"భయమేస్తోందా సార్?"

"లేదు లేదు. చక్కగా తోలుతున్నావు. హారను మాత్రం ఇంకాస్త ముందు కొట్టాలి."

చూశావా, మార్కులేస్తున్నాడు అనుకుంది.

తోట దగ్గర దిగారు. వాలు మీద ఆడవాళ్లు ఆకు కోస్తున్నారు.

"సాయంత్రం వీళ్లంతా ఇళ్లకెళ్లేటప్పుడు చెట్లకి తాళాలేస్తారా?" అన్నాడు విమలసేన.

అంతే. పొద్దుటినుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగింది. యోగేశ్వరి పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కారుకి ఆనుకుంది. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది.

"వేస్తారు సార్. తాళాలగుత్తి మా అమ్మ దగ్గరే ఉంటుంది. అదిగో, నీలం తలగుడ్డ. పదండి, అడుగుదాం!"

వాళ్లమ్మ కూతురి మొహం చూసి తనూ నవ్వేసి, బుట్ట తీసి కుసుమావతి తలకు తగిలించింది. కుసుమావతి రెండు చేతులా ఆకు దూసింది.

"అయ్యో అక్కా, అన్నీ ముదురాకులే! మేస్త్రీ వచ్చి అడిగితే మాత్రం నా పేరు చెప్పకు!" అంది వాళ్లమ్మ.

కుసుమావతి నవ్వలేక అక్కడే మొక్కల మధ్య కూలబడింది. విమలసేన ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. ఒక్కదాంట్లోనూ కొండ లేదు, అన్నిట్లోనూ భార్యే.

బట్టీ పాఠాలు అక్కడితో అయిపోయాయి. దారి పొడుగునా యోగేశ్వరి తన చిన్నప్పటి సంగతులే చెప్పింది. చలికి గోనెసంచులు కప్పుకుని బడికెళ్లడం, జలగలకు ఉప్పు మూటలు కట్టుకెళ్లడం.

మధ్యాహ్నం హోటల్లో వాళ్లను కూర్చోబెట్టి వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి?" అన్నాడు విమలసేన.

"మా డ్రైవర్లకు భోజనం వెనకాల సార్, వంటింటి పక్కన."

 ఆయన కుర్చీ లాగాడు. "ఇవాళ ఇక్కడ తిను."

వడ్డించే కుర్రాడు ఆయన్ని ఒకటికి రెండుసార్లు తేరిపార చూశాడు. విమలసేన టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. అన్నం, కూరలు, పైన గేదె పెరుగు, అందులోకి బెల్లప్పాకం. తాపీగా, గంటన్నర తిన్నాడు. తింటూ కిటికీలోంచి బయటికి చూసి, "ఈ బల్ల దగ్గరనుంచి కొండ ఇలా కనిపిస్తుందన్నమాట!" అని మూడుసార్లు అన్నాడు.

సాయంత్రం బసదగ్గర దింపుతూ యోగేశ్వరి ఇక ఆగలేకపోయింది.

"నిజం చెప్పండి సార్. మా యజమాని పంపిన మనిషే కదా మీరు?"

"అయ్యో, ఆయనెవరో కూడా నాకు తెలీదు తల్లీ!"

కుసుమావతి ఆ పిల్ల బుగ్గలు రెండూ పుణికింది. "ముప్పై ఏళ్లుగా ఈయన నోట వింటూనే ఉన్నానమ్మా ఈ కొండల గురించి, జనం అడిగే ఈ ప్రశ్నల గురించి. ఇవాళ చూశాను."

విమలసేన అక్కడే నిలబడి ఫోనులో కారు కంపెనీ పేజీ తెరిచి ఒంటివేలితో టైపు చేశాడు: 'ఎన్ని తిక్క ప్రశ్నలేసినా విసుక్కోలేదు. ఈ పిల్లను వదులుకోకండి.'

పావుగంటలో యజమాని ఫోను. "రేపు ఏడింటికల్లా రా. ఇంకో జంట ఉంది."

యోగేశ్వరి ఖాళీ కారులో కూర్చుని గావుకేక పెట్టింది. చాలక హారను మోత మోగించింది.

మూడోనాటి పొద్దున క్యాండీ పట్నంలో విమలసేన ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా తొడుక్కుని, ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్నట్టే ఓ హోటలు ముందు తన వ్యాను ఆపి, టీ తోటలు చూడ్డానికొచ్చిన విదేశీ దంపతులకు వెనక తలుపు తీసి పట్టుకుని, తను వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.