మార్కుల పిల్ల

లక్ష్మీరాజం ఆ పిల్ల ఇచ్చిన చెవి పరీక్ష కాగితాన్ని రెండు ముక్కలు చేసి మోరీలో పడేశాడు.

"ఇగ పో. ఈడ పని నడుస్తుంది."

లైబా కదల్లేదు. సంచిలోంచి ఇంకో కాగితం తీసింది.

"ఐదు నిమిషాలే కాకా. మీ ఎనుక నిలబడి చిన్నగ మాటలు చెప్త. ఇనబడ్డయి చెప్పుండ్రి, చాలు."

మరమగ్గాల షెడ్డు లోపల ఇరవై సాంచాలు దడదడలాడుతున్నాయి.

"నిరుడు గూడ వచ్చిండ్రు మీ కాలేజోళ్లు. ఫోటోలు దిగిండ్రు, పోయిండ్రు. మా చెవులు మీకు మార్కులా?"

డిగ్రీ కాలేజీలో కొత్త కోర్సు పెట్టిన సంగతి వాడకట్టంతా తెలుసు. సగం పాఠం, సగం బస్తీలో సేవ. సేవ చేస్తేనే మార్కులు. అందుకే ఆమెకు 'మార్కుల పిల్ల' అని పేరు పెట్టాడు లక్ష్మీరాజం.

అయినా ఆమె వారం వారం వస్తూనే ఉంది. మిగతా కార్మికులు ఒక్కొక్కరే పరీక్షకు కూర్చున్నారు. అతను మాత్రం కూర్చోలేదు.

ఒకరోజు షెడ్డు బయట అతను చాయ తాగుతుంటే లైబా వెనక ఎడమవైపు నుంచి పిలిచింది. మూడుసార్లు పిలిచింది. అతను తిరిగి చూడలేదు.

ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీ ఎడమ చెవి పోతుంది కాకా. సాంచాల కాడ చెవులకు బిరడాలు పెట్టుకోండ్రి. దవాఖానకు నేను తోల్కపోత."

పక్కనే ఉన్న షెడ్డు యజమాని సేటు ఆ మాట విన్నాడు.

లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది. చెవిటివాడిని పనిలో ఎవరు ఉంచుకుంటారు?

"నా కూడు మీద మన్ను పోస్తున్నవా? ఇంకోసారి వస్తే మర్యాద దక్కది."

మర్నాడే కాలేజీకి పోయి, లెక్చరర్ పద్మలతకు ఫిర్యాదు ఇచ్చాడు. ఆ పిల్ల కార్మికులను సతాయిస్తోందని రాసి, ఇంకో పదిమంది చేత సంతకాలు పెట్టించాడు.

లైబా మళ్లీ రాలేదు.

ఎనిమిది నెలలు గడిచేసరికి, భార్య కమలవ్వ పక్కన కూర్చుని పిలిచినా అతను పలకడం లేదు. ఆమె పట్టుబట్టి కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ చెప్పిన మాటను అతని కుడి చెవిలో గట్టిగా చెప్పింది.

"ఎడమది మొత్తం పోయిందట. అప్పుడే జాగ్రత్త పడితే గింత దాక రాకపోవునట."

ఊళ్లో దిగగానే లక్ష్మీరాజం నేరుగా కాలేజీకి పోయాడు.

"ఆ పిల్ల ఏది మేడం? నా వల్ల ఫెయిలైందా?"

పద్మలత ముఖం చిట్లించి ఏదో అంది.

"జర గట్టిగ చెప్పుండ్రి."

ఆమె ఒక కాగితం మీద గబగబా రాసి అతని ముందుకు తోసింది.

లక్ష్మీరాజం వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

'మీ ఫిర్యాదు చూసి మేమే ఆమెను ఆపేశాం. చదువైపోయి వెళ్లిపోయింది, ఎక్కడుందో తెలియదు. ఆమె మీ షెడ్డుకు మార్కుల కోసం రాలేదు, ఆ కోర్సు అంతకు ఏడాది ముందే పాసైంది. మిల్లు రొదకు చెవులు పోయి, జమ్మికుంట పత్తి యార్డులో వెనక్కి వస్తున్న లారీ చప్పుడు వినబడక దాని కింద పడి చనిపోయిన జిన్నింగు మిల్లు కూలి అజీముద్దీన్ కూతురు ఆమె.'