మూడువందల పదకొండు మెట్లు

లండన్ నుంచి తొమ్మిదో ఫోటో వచ్చింది. శ్యామలమ్మ కవరును, స్టాంపు చెడకుండా, కత్తెరతో అంచు వెంట కత్తిరించింది.

మరిది పర్శరాములు ఎత్తయిన రాతి స్తంభం పైన కటకటాలకు ఆనుకొని నవ్వుతున్నాడు. చెరోపక్క పిల్లలు. చేతిలో ఆనాటి ఇంగ్లీషు పేపరు. ఫోటో తీసింది తోడికోడలు విమల. అందుకే ఏ ఫోటోలోనూ ఆమె ఉండదు. ఉత్తరం మాత్రం ఆమె చేతిరాతే.

"అక్కా, మొన్న ఆదివారం ఈ స్తంభం ఎక్కినం. మూడువందల పదకొండు మెట్లు. ఈయన ఒక్క ఊపుల ఎక్కిండు. మీకు పద్మాక్షి గుట్ట ఎక్కుడే గగనం గద! వరంగల్ దాటనోళ్లకు లోకమంటే ఏం ఎరుక? ఫోటోలు చూసన్న సంబురపడుండ్రి."

పక్కింటి పోశవ్వ గడపలో కూర్చొని వింటోంది.

"చింపి పొయ్యిల పెట్టరాదక్కా! మొగనికి తగ్గ పెండ్లాం. వర్ధన్నపేటల ఆమె తల్లిగారిల్లు అమ్మిచ్చే గద వాడు విమానం టికెట్లు కొన్నది! అయినా సిగ్గు లేదు, వాని ఎంట ఫోటోలు తీసుకుంట తిరుగుతాంది."

"చింప. ఇంక పంపుమని రాస్త."

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

శ్యామలమ్మ ఫోటోను మళ్లీ కవరులో పెట్టింది.

కొత్తవాడలో ఆమె ఉంటున్న ఇల్లు భర్త నర్సింగం ఇరవై రెండేళ్లు జంపఖానాలు నేసి కొన్నది. తమ్ముడు చదువుకున్నవాడని కాగితాలు అతని పేర రాయించాడు. నర్సింగం పోయిన ఏడాదికే ఆ తమ్ముడు వదినెను ఖాళీ చేయించమని దావా వేశాడు. తనకు పక్షవాతం వచ్చిందని, మడికొండలో అద్దె మిద్దె మీద మంచాన పడి ఉన్నానని, మెట్లు దిగలేనని, నేల మీది సొంత ఇల్లు తనకు అవసరమని ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. నెల తిరగకుండా పెళ్లాంపిల్లలతో విమానం ఎక్కాడు. రెండేళ్లుగా వాయిదా వాయిదాకు అతని వకీలు ఒక డాక్టరు కాగితం చూపుతున్నాడు. తీర్పు అటు పోతే శ్యామలమ్మ మూడు మగ్గాలతో వీధిలో నిలబడాలి.

"లండన్ల ఉన్నడని ఊరంత ఎరుకే సారూ," అని ఆమె తన వకీలు రామలింగంతో మొరపెట్టుకుంది.

"ఊరి మాట కోర్టు వినదమ్మా. కాగితం గావాలె. మనిషి, జాగ, తారీఖు, మూడూ ఒక్క దాంట్ల దొరకాలె."

అప్పటికి మొదటి ఫోటో వచ్చి వారమైంది. ఇంటికొచ్చి దాన్ని వెనక్కి తిప్పి చూసింది. గుండ్రటి అక్షరాలతో స్థలం, తేదీ, భర్త పేరు. విమల పెళ్లికి ముందు బడిపంతులమ్మ. బోర్డు మీద తేదీ వేయనిదే పాఠం మొదలుపెట్టని అలవాటు ఇంకా పోలేదు. ఆ తెలివితక్కువ మనిషి మీద శ్యామలమ్మకు అప్పుడు కలిగింది కోపం కాదు, ఆకలి.

ఆనాటి నుంచి ఆమె కుళ్లు నటించింది. "రాణి మహలు దిక్కు పోలేదా విమలా? మా కండ్లకు అంత భాగ్యమేడిది!" అని రాసింది. మూడు వారాలకు రాణి మహలు వచ్చింది. పెద్ద గడియారం అడిగింది. గడియారం వచ్చింది. వంతెన వచ్చింది. పావురాల చౌకు వచ్చింది. ప్రతి దానితోనూ నాలుగు ఎగతాళి మాటలు. ఆమె వాటిని కషాయంలా గుటకేసి, ఫోటోలను కవర్లతో సహా ఇనుప పెట్టెలో దాచింది.

1979 ఆగస్టులో రామలింగం పద్నాలుగు ఫోటోలను కోర్టు బల్ల మీద పరిచాడు.

అవతలి వకీలు ఎగిరి లేచాడు. "ఇవి జబ్బు రాకముందటివి సార్. తారీఖు ఎవరైనా రాసుకోవచ్చు!"

జడ్జి భూతద్దం తెప్పించుకున్నారు. పర్శరాములు చేతిలోని పేపరు మీద తేదీ చదివారు. ఫోటో వెనుక తేదీ చదివారు. కవరు మీది ముద్ర చదివారు. మూడూ ఒకే వారానివి.

"మంచాన పడ్డ మనిషి ఎన్ని మెట్లెక్కినట్టు?"

"మూడువందల పదకొండు సార్," అన్నాడు రామలింగం.

కోర్టు హాలు గొల్లుమంది. దావా కొట్టేశారు. దొంగ ప్రమాణానికి వేరే కేసు పెట్టమన్నారు.

ఇల్లు నిలిచింది. కాని శ్యామలమ్మకు అది చాలలేదు. ఆ సాయంత్రమే లండన్‌కు ఉత్తరం రాసింది.

"విమలా, నీ మొగన్ని ఓడగొట్టింది నేను కాదు, నువ్వు. నీ గొప్పలన్ని పట్టుకపోయి జడ్జి ముందట పెట్టిన. ఇగ ఈ దేశంల కాలు పెడితే ఆయన చేతులకు బేడీలే. అది నీ చేతిపని. బతికినన్ని దినాలు యాది పెట్టుకో."

రెండుసార్లు చదివింది. ఒక్క అక్షరమూ మార్చకుండా కవరు అతికించింది.

నెలకు జవాబు వచ్చింది. కవరు పలుచగా ఉంది. ఫోటో లేదు. అదే గుండ్రటి చేతిరాతలో ఒకే ఒక్క వాక్యం.

"అక్కా, ఆ ఎగతాళి మాటలు ఆయన పక్కన కూసుండి రాయించినయి, తారీఖులు మాత్రం అతికిచ్చే ముందట ఆయన సూడకుంట నేనేసినయి."