అనసూయ మందు కొట్టించిన సంగతి

పంట పురుగుల మీద పరిశోధన చేసే యోహాను ల్యాబ్‌కి అనసూయ వచ్చింది. ఫ్రెస్నో దగ్గర ఆమెకు టమాటా తోట ఉంది. కిందటేడు, 1983లో, యోహాను అక్కడే పురుగుమందుకు బదులు కందిరీగలతో ప్రయోగం చేశాడు. అవి కాయతొలుచు పురుగు గుడ్లలో తమ గుడ్లు పెట్టి, పురుగును పుట్టకముందే చంపుతాయి. ఆ కందిరీగలు బయటికి రాబోయే గుడ్లను అంటించిన కార్డులను అతనే మొక్కలకు కట్టాడు. పంట బాగా వచ్చింది. అతని రిపోర్టు చదివి, ఈ ఏడు చుట్టుపక్కల ఐదుగురు రైతులు మందు మానేశారు.

"మీ దగ్గర ఒకటి దాచాను, యోహాను గారూ," అంది అనసూయ. "మీరు కార్డులు కట్టిన మూడో రోజే భయమేసి స్ప్రే చేయించాను. మీ కందిరీగలన్నిటినీ చంపేశాను. ఇప్పుడు మందు మానేసిన ఆ ఐదుగురి పంట పోతే ఆ పాపం నాదే."

యోహాను ఆమెకు మంచినీళ్లు ఇచ్చాడు.

"బాధపడకండి. రిపోర్ట్ కరెక్ట్ చేస్తాను. వాళ్లకి ఈరోజే ఫోన్ చేస్తాను."

"తప్పు నాదేనని చెప్పండి. మీ జాబ్‌కి ఇబ్బంది రాకూడదు."

"సరేనండి," అన్నాడతను.

ఆమె తేలికపడి లేచింది.

కిందటేడు ఆ కార్డుల పెట్టెను అతను ఒక మధ్యాహ్నమంతా ఎండలో, కార్‌లో మరిచిపోయాడు. మొక్కలకు కట్టేటప్పటికే వాటిలో ఒక్క ప్రాణీ మిగల్లేదని అతనికి తెలుసు.

ఆ మాట చెప్పాలనే ఇప్పుడు ఆమె వెంట పార్కింగ్ దాకా నడిచాడు. అనసూయ కారెక్కి, కృతజ్ఞతగా చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు.