కుట్టిన నోరు

నాగుల పంచమి రాత్రి పదకొండుకు పాము చనిపోయింది. పాములాడించేవాళ్లు దారంతో నోరు కుట్టిన ఆ నాగును కొండల్ సాయంత్రమే విడిపించి, భైంసాలోని తన ఇంటికి తెచ్చాడు. కుట్లు విప్పడానికి పొద్దున పశువుల డాక్టర్ రావాలి.

"జర పాలు పెడ్త బిడ్డా. ఎన్నొద్దుల ఉపాసమో," అంది తల్లి కొమురవ్వ.

"వద్దే అవ్వా! పాలు పోస్తే సస్తది. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"నీ కడుపు నిండింది గద, నీకేం తెలుస్తది."

పడుకున్నాక, పాము బుట్ట పెట్టి తాళం వేసిన గదిలో పిల్లి పాలు తాగుతున్నట్టు చప్పుడైంది. కొండల్ తాళం తీయగానే ఆగింది. గదిలో పిల్లి లేదు. బుట్ట మూసే ఉంది. పక్కన ఖాళీ గిన్నె ఉంది. మూత తీశాడు. కుట్లు అలాగే ఉన్నాయి. పాములో కదలిక లేదు.

"పాలు తాపినవా అవ్వా?"

"మూత ముట్టలే బిడ్డా. నువ్వు తాళం ఎయ్యకముందే పాల గిన్నె బుట్ట బయట పెట్టిన, గంతే."

పొద్దున డాక్టర్ కోసి చూశాడు. పాము ఊపిరితిత్తిలో పాలు ఉన్నాయి.