చివరి రీలు

"ఊరందరికీ జాకెట్లు కుట్టే మొగుడుండి, నేను మాత్రం చిరుగుల జాకెట్టు వేసుకు తిరుగుతున్నాను. ఇక నావల్ల కాదు. మా అన్నయ్య దగ్గరికి పోతున్నా!" టైలర్ భార్య సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

టైలర్ కుట్టుమిషను మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఇవాళ ఆదివారం కదా. సినిమా చూసి వెళ్ళు," అన్నాడు తాపీగా.

ఆ ధీమా ఊరికే రాలేదు. పక్కవీధి థియేటర్లో ప్రతి ఆదివారం పొద్దుటాట ఒకే పాత హిందీ ప్రేమకథ. పెళ్ళికి ముందు ఇద్దరూ దొంగచాటుగా చూసిందీ అదే. ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం, డైలాగులు మాత్రం కంఠతా. హీరో వానలో పరుగెత్తుకొచ్చి హీరోయిన్ని వాటేసుకోగానే లైట్లు వెలిగేవి. ఆవిడ కళ్ళు తుడుచుకుని మొగుడి చెయ్యి పట్టుకునేది. ఆ ప్రేమ బుధవారం దాకా వచ్చేది. గురువారం నుంచి మామూలే. పెళ్ళాన్ని బతిమాలుకోవాల్సిన అవసరం టైలర్‌కి ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. టికెట్టు కొంటే సరిపోయేది.

"సరే, చూసే పోతాను. సంచి మాత్రం నా ఒళ్ళోనే ఉంటుంది," అందావిడ.

హాల్లో అంతా అనుకున్నట్టే జరిగింది. వాన, పరుగు, కౌగిలి. ఆవిడ ముక్కు ఎగబీల్చింది. టైలర్ చెయ్యి చాపి సిద్ధంగా కూర్చున్నాడు.

లైట్లు వెలగలేదు.

తెరమీద హీరో బనీనుతో కాలుమీద కాలేసుకుని పేపరు చదువుతున్నాడు. హీరోయిన్ పొయ్యి దగ్గర దగ్గుతోంది. అంతసేపూ ఆవిణ్ణి చందమామ అన్న నోటితోనే, "నా చొక్కా ఏదీ?" అని అరిచాడు హీరో. హాలంతా గోలగోలయింది. టైలర్ భార్య మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తోంది. తెరమీద హీరోయిన్ బట్టలు సర్దుకుంటోంది.

టైలర్ చటుక్కున లేచాడు. మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి దూసుకెళ్ళాడు.

"ఈ చెత్తంతా ఎవడు కలిపాడయ్యా?"

"ఎవరూ కలపలేదండీ, అసలు సినిమాయే ఇది," అన్నాడు ఆపరేటర్. "పాత ప్రింటు అరిగిపోయిందని కొత్తది తెప్పించారు. అప్పట్లో మధ్యాహ్నం ఆటకి ఆలస్యమవుతోందని ఓనరుగారి నాన్న చివరి రీలు తీసేయించారు. జనానికి అలాగే నచ్చింది."

"ముందు ఆపు! నా కాపురం కూలిపోయేలా ఉంది!"

వెనకే వచ్చిన ఆ సినిమా అభిమానులు కూడా "ఆపు, ఆపు" అని తలుపు బాదారు. ఆపరేటర్ స్విచ్చి నొక్కేశాడు. కింద ఒకటే ఈలలు.

టైలర్ యుద్ధం గెలిచినవాడిలా సీటు దగ్గరికి వచ్చాడు. "నేనే ఆపించాను," అన్నాడు.

"హీరోయిన్ వీధి మలుపులో ఆగి వెనక్కి చూసిందండీ," అంది భార్య. "హీరో ఏమంటాడా అని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే ఆపించారా?"

"అదంతా ఎందుకు? మన సినిమా వాన దగ్గరే అయిపోయింది."

ఆవిడ లేచింది. సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. టైలర్ ఒక మాట కోసం గబగబా వెతుక్కున్నాడు. కంఠతా వచ్చిన డైలాగులన్నీ వానలో చెప్పేవే. బయట చూస్తే ఎండ మండిపోతోంది. బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కేసింది.

ఆపరేటర్ తాళంచెవులు ఊపుకుంటూ మెట్లు దిగి వచ్చాడు.

"తొందరపడ్డారండీ," అన్నాడు. "ఇంకో రెండు నిమిషాలు ఆగితే, హీరో ఆ మలుపు దాకా వెళ్ళి 'తప్పు నాదే' అంటాడు, ఆవిడ నవ్వేసి ఇంటికొచ్చేస్తుంది."