చివర తొమ్మిది

మధ్యాహ్నం నుంచి ఆమె బల్ల మీద ఆ ఒక్క ఫైలే ఉంది.

ఆసుపత్రి రికార్డుల గదిలో జబ్బులకు కోడ్ నంబర్లు వేయడం ఆమె పని. పదిహేనేళ్లుగా అదే కుర్చీ. ఒంటరి మనిషి. సెలవొస్తే పలకరించే దిక్కుండదని ఆమెకు సెలవులంటేనే దిగులు.

"ఇంకా అదేనా అక్కా? చివర తొమ్మిది కొట్టి పంపేయరాదూ," అంది పక్క సీటావిడ.

చివర తొమ్మిది అంటే 'ఏ రకమో తెలియదు' అని. పనిదొంగలకు అదొక వరం.

"తొమ్మిది వేస్తే ఈ పిల్లకి శిక్షణ కేంద్రంలో సీటు రాదు. ఇవాళే ఆఖరి రోజు."

పిల్లకు ఇరవై ఒక్కేళ్లు. పుట్టు చెవుడు, మాట రాదు, కాళ్లు బిగుసుకుపోయిన నడక. కడుపులో ఉన్నప్పుడు తల్లికి అయోడిన్ చాలకపోతే ఇలా పుడతారు; అలాంటి తల్లికి మెడ వాస్తుంది. అదే కారణమని తేలితే చివర సున్నా పడుతుంది, సీటూ వస్తుంది. కానీ తల్లి వివరాలు ఉండాల్సిన చోట ఒకటే ముక్క: 'తెలియదు. శరణాలయం పిల్ల.'

ఆమె ఫైలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"తల్లికి మెడ దగ్గర వాపు ఉండేదని రాయండి సార్."

"ఊహించి రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది మేడం. ఆ తల్లిని ఎరిగినవాళ్లు రాసి సంతకం పెడితే ఒప్పుకుంటాను." ఒక ఫారం చేతికిచ్చి, "ఇన్నేళ్లూ తొంగిచూడనివాళ్లు ఇప్పుడొస్తారా?" అన్నాడు జాలిగా.

వరండా బెంచీ మీద పిల్ల, పక్కన శరణాలయం ఆయా.

"సీటు రాకపోతే దీన్నెక్కడ పెడతారో అమ్మా. పెద్దదైపోయిందని మా దగ్గర ఉంచరంట," అంది ఆయా.

పిల్ల నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమె కూర్చోలేదు.

సాయంత్రం పక్క సీటావిడ బ్యాగు సర్దుకుంది. "మనకెందుకొచ్చిన తంటా అక్కా, ఇంటికి పొండి."

"ఇంట్లో ఎవరున్నారు గనక."

గది ఖాళీ అయింది. ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. ఇన్నేళ్లలో కాగితంలో లేని ముక్క ఒక్కటీ రాసి ఎరగదు. డాక్టరిచ్చిన ఫారం మీద రాసింది: 'నెలలు నిండేసరికి తల్లి మెడ దగ్గర నిమ్మకాయంత వాపు. వైద్యం చేయించలేదు.'

కింద సంతకం పెట్టి, పిల్లకు ఏమవుతారన్న చోట, ఇరవై ఒక్కేళ్లుగా ఎవరికీ చెప్పని నిజం రాసింది: 'కన్నతల్లిని.'